ఛాతీకీ కాలికీ ఒకే సూదితో సీటీ: పొగతోట స్కానింగ్ సెంటర్‌లో మా అనుభవం

సెంటర్ పేరు రాయడం లేదని ముందే చెప్తున్నా. కౌంటర్ దగ్గర మాకు జరిగింది ఏమాత్రం బాగాలేదు, లోపల స్కానింగ్ గదిలో జరిగింది మాత్రం మా నాయనను బతికించింది. రెండూ ఒకే కప్పు కింద, ఒకే రోజు. నెల్లూరు పొగతోటలో సీటీ మెషిన్ ఉన్న చోట్లు ఒకటికి నాలుగున్నాయి. మీరు ఎక్కడికి వెళ్లినా ఏం చూసుకోవాలి, ఏం అడగాలి అన్నది మా అనుభవం నుంచి చెప్తే ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నా. కాస్త పొడుగైనా ఓపికగా చదవండి.

మాది అల్లూరు వైపు. నాయనకు 61 ఏళ్లు, షుగర్ ఉంది. తెల్లవారుజామున రొయ్యల గుంట దగ్గర ఏరియేటర్ ఆగిపోయిందని పరుగెత్తి గట్టు మీద జారి పడ్డాడు, ఎడమ కాలు మోకాలి కింద ఎముక విరిగింది. ఆపరేషన్ అక్కర్లేదని తొడ దాకా పిండికట్టు వేసి ఆరు వారాలు మంచం దిగొద్దన్నారు. మూడో వారంలో పిక్క లాగేస్తోంది, కట్టు బిగుసుకుపోతోంది అని నాయన రోజూ చెప్తూనే ఉన్నాడు. కట్టు వేసిన చోట అడిగితే అలాగే ఉంటుంది, కాలు ఎత్తులో పెట్టుకోమన్నారు. అప్పుడే ఇంకొంచెం గట్టిగా అడగాల్సింది నేను. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఒక రాత్రి అన్నం తిని పడుకున్నాక కుడి పక్క రొమ్ములో పోటు మొదలైంది. ఊపిరి లోపలికి తీసుకుంటే కత్తితో పొడిచినట్టుంది అన్నాడు. దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్తే ఈసీజీ తీశారు, గుండె దెబ్బతింటే పట్టించే ట్రోపోనిన్ రక్తపరీక్ష చేశారు, రెండూ బాగానే ఉన్నాయి, గుండెపోటు కాదు గ్యాస్ అని సూది వేసి పంపించేశారు. గుండెపోటు కాదన్న మాట నిజమే. కానీ గుండెపోటు కాకపోతే గ్యాసే అని ఎలా అనుకున్నారో నాకు అర్థం కాలేదు. తొడ దాకా కట్టుతో మూడు వారాలుగా మంచంలో ఉన్న మనిషి స్ట్రెచర్ మీద కళ్లెదురుగా ఉన్నాడు. తెల్లారేసరికి మంచం మీద లేచి కూర్చోవడానికే ఆయాసపడుతున్నాడు. కరోనా అప్పుడు కొన్న పల్స్ ఆక్సీమీటర్ వేలికి పెడితే ఆక్సిజన్ 89కి పడిపోయి ఉంది. ఇక ఆగలేదు. కారు వెనక సీట్లో పడుకోబెట్టి కోవూరు దాటి పెన్నా బ్రిడ్జి ఎక్కేదాకా అమ్మ ఆయన చెయ్యి వదల్లేదు.

పొగతోటలో మేము చూపించుకున్న ఫిజీషియన్ ఐదు నిమిషాల్లో తేల్చేశారు. కట్టు చూశారు, నాడి 118 చూశారు, ఊపిరి పీల్చినప్పుడే నొప్పి వస్తుందా అని అడిగారు. కాలి సిరలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ తెగి గుండె మీదుగా ఊపిరితిత్తుల రక్తనాళంలో ఇరుక్కుని ఉండొచ్చన్నారు. డీ-డైమర్ రక్తపరీక్ష చేయిస్తారేమో అనుకున్నా. అది అనుమానం తక్కువగా ఉన్నవాళ్లకు నార్మల్‌గా వస్తే స్కాన్ అవసరం లేదని తేల్చడానికి పనికొస్తుంది, ఎముక విరిగిన మనిషికి ఎలాగూ ఎక్కువే వస్తుంది, దాని కోసం టైం పోగొట్టుకోవద్దు అన్నారు. స్కాన్ కంటే ముందే పొట్ట మీద ఒక ఇంజెక్షన్ వేయించారు, గడ్డ ఇంకా పెరగకుండా. ఆక్సిజన్ పెట్టించి, చీటీ మీద "సీటీ పల్మనరీ యాంజియోగ్రామ్" అని రాసి పక్క వీధికి పంపించారు.

ఈ పేరు దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. మామూలు సీటీ చెస్ట్ వేరు, సిరలోకి కాంట్రాస్ట్ అనే మందు ఎక్కించి ఊపిరితిత్తుల రక్తనాళాలు చూసే ఇది వేరు. కాంట్రాస్ట్ లేకుండా తీస్తే నిమ్ము, న్యుమోనియా లాంటివి కనిపిస్తాయి, నాళంలో ఉన్న గడ్డ మాత్రం దాదాపుగా కనపడదు, ఎందుకంటే రక్తమూ గడ్డా రెండూ బూడిద రంగులోనే కలిసిపోతాయి. మా పక్క ఊరివాళ్లు ఒకరు ఖర్చు తక్కువని మందు లేకుండా తీయించుకుని, అంతా బాగుందని ఇంటికెళ్లి, మళ్లీ రెండో రోజు పరుగెత్తాల్సి వచ్చింది. చీటీలో ఏముందో, బిల్లులో ఏం రాశారో రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. యాంజియోగ్రామ్ అన్న మాట విని నాయన భయపడ్డాడు, తొడలో వైరు పెడతారేమో అని. అది గుండెకు చేసేది. దీనికి చేతి సిరలో సూది మాత్రమే.

ఇక సెంటర్. కౌంటర్ దగ్గర నలభై నిమిషాలు పోయాయి. ఫోన్లో 6,500 అన్నారు, అక్కడికి వెళ్లాక మందుకు 2,000 విడిగా అన్నారు. సరే అదీ ఇస్తాం, ముందు మనిషిని లోపలికి తీసుకోండి అంటే మొత్తం కట్టి రసీదు తెస్తేనే టోకెన్ అన్నారు. నాయన ఆక్సిజన్ సిలిండర్ పక్కన పెట్టుకుని కారిడార్‌లో స్ట్రెచర్ మీద ఉన్నాడు, మోకాలి నొప్పికి ఎమ్మారై తీయించుకోవడానికి వచ్చినవాళ్లకు కూడా మాకంటే ముందు టోకెన్ ఉంది. ఎమర్జెన్సీ అని చీటీ మీద రాసుంది, ఎవరూ చదవలేదు. నేను గొంతు పెంచితే గానీ లోపలి నుంచి రేడియాలజిస్టు బయటికి రాలేదు. ఆయన వచ్చి నాయన ముఖం చూసి, డబ్బులు తర్వాత చూసుకుందాం అని తనే స్ట్రెచర్ తలవైపు పట్టుకుని లోపలికి తోశారు. ఆ ఒక్కపనితో నాకు సగం కోపం పోయింది. మిగతా సగం పోలేదు. ఊపిరి ఆడని మనిషి వచ్చినప్పుడు ఏం చేయాలో కౌంటర్లో కూర్చున్నవాళ్లకు నేర్పించాలి. డాక్టరు బయటికొచ్చేదాకా ఎవరూ కదలకపోతే ఎలా?

లోపల మాత్రం ఒక్కొక్కటీ పద్ధతిగా చేశారు. ముందు కిడ్నీల సంగతి. కాంట్రాస్ట్ మందు అయోడిన్‌తో చేసింది, కిడ్నీల గుండా బయటికి పోతుంది కాబట్టి క్రియాటినిన్ చూస్తారు. ఫిజీషియన్ దగ్గర తీసిన రక్తం రిపోర్టు అప్పటికే వాట్సాప్‌లో వచ్చింది, 1.1, అంటే బాగానే ఉంది. ఇలాంటి అత్యవసరంలో రిపోర్టు రాకపోయినా ఆగకుండా తీస్తామని రేడియాలజిస్టు చెప్పారు. మరి కౌంటర్లో ఆ రిపోర్టు ప్రింటు తెమ్మని ఎందుకు పట్టుబట్టారో. మేము బయట కూర్చున్నప్పుడు కనిగిరి పక్క నుంచి వచ్చిన ఒకావిడను చూశాం. ఆ వైపు ఫ్లోరైడ్ నీళ్లూ కిడ్నీ జబ్బులూ మన అందరికీ తెలిసినవే, ఆమెకు క్రియాటినిన్ 3 దాటింది. కాలు వాచింది, ఆయాసంగా ఉంది. ఆమెకు మందు ఎక్కించే ముందు కాళ్లకు డాప్లర్, అంటే సిరల్లో రక్తం ఎలా పారుతోందో చూసే అల్ట్రాసౌండ్, తీశారు. కాలి సిరలోనే గడ్డ దొరికితే ఇక ఛాతీకి మందు ఎక్కించి తీయకుండానే వైద్యం మొదలుపెట్టొచ్చట, వాడే మందులు చాలావరకు అవే కాబట్టి. తొందరపడి కౌంటర్లో బిల్లు వేసినట్టే తీసేయకుండా ఆ ఆలోచన చేసినందుకు ఆ డాక్టరుకు దండం పెట్టాలి.

తర్వాత షుగర్ మాత్రలు. మెట్‌ఫార్మిన్ వాడుతున్నారా అని అడిగారు, వాడుతున్నాడు. కిడ్నీలు బాగా పనిచేస్తున్నవాళ్లు ఆపాల్సిన పని లేదని ఇప్పటి మార్గదర్శకాలు చెప్తున్నాయి, అయినా మా ఫిజీషియన్ జాగ్రత్త కోసం రెండు రోజులు ఆపించి, ఇంకోసారి క్రియాటినిన్ చూసి మళ్లీ మొదలుపెట్టించారు. మీరు మాత్రం మీ అంతట మీరు ఆపకండి, అడగండి.

ఫారంలో ఎలర్జీల దగ్గరికి వచ్చేసరికి అమ్మ కంగారు పడింది. నాయనకు రొయ్యలు తింటే ఒళ్లంతా దద్దుర్లు వస్తాయి, చిన్నప్పటి నుంచీ ఉంది, గుంటలేసి ముప్పై ఏళ్లుగా పెంచుతాడు గానీ నోట్లో పెట్టడు. సముద్రపు తిండి పడనివాళ్లకు అయోడిన్ మందు పడదని ఎవరో ఆమెకు చెప్పారట, స్కాన్ వద్దని ఏడుపు మొదలుపెట్టింది. రేడియాలజిస్టు కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నారు. "అమ్మా, రొయ్యలు పడకపోవడానికి కారణం రొయ్యలో ఉండే ప్రోటీను, అయోడిన్ కాదు. మీరు చెప్పింది మంచిదే, రాసుకుంటాను. ఇంతకుముందు ఎప్పుడైనా స్కానింగ్ మందు ఎక్కించినప్పుడు దద్దుర్లు గానీ ఆయాసం గానీ వచ్చాయా? రాలేదా? అయితే భయం లేదు, మందులన్నీ పక్కనే పెట్టుకుని ఉంటాం" అన్నారు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. మన తీరం వెంబడి రొయ్యలు పడనివాళ్లు ఇంటికొకరు ఉంటారు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా. గతంలో కాంట్రాస్ట్ మందే పడకపోతే అది వేరే సంగతి, అది మాత్రం తప్పకుండా చెప్పాలి.

సూది గురించి చెప్పాలి. రాత్రి ఆసుపత్రిలో ముంజేతి వెనక నీలం రంగు క్యాన్యులా, అంటే సిరలో ఉంచే సన్న సూది గొట్టం, పెట్టారు, నాయన చేతికి అది అలాగే ఉంది. లోపల ఉన్న టెక్నీషియన్ అమ్మాయి దాన్ని చూడగానే ఇది చాలదు అంది. మందు చేత్తో ఎక్కించరు, మెషిన్ సెకనుకు 4 మిల్లీలీటర్ల వేగంతో తోస్తుంది, సన్న సూదిలో అంత వేగం పట్టదు, సిర చిట్లి మందు చర్మం కిందికి పోతుంది. మోచేతి మడత దగ్గర గులాబీ రంగుది, దానికంటే లావుది, పెట్టింది. సిర దొరకడానికి ముందు వేడి నీళ్లలో ముంచిన గుడ్డ చుట్టింది. పెట్టాక ఊరికే వదల్లేదు, సెలైన్ గట్టిగా తోసి, వేలితో ఆ చోట నొక్కి చూసి, నొప్పి ఉందా పెద్దాయనా అని రెండుసార్లు అడిగింది. మా పిన్నికి వేరే ఊళ్లో ఇలా చూడకుండా ఎక్కిస్తే చెయ్యి మోచేతి దాకా ఉబ్బిపోయి వారం రోజులు బాధపడింది. మెషిన్ ఎన్ని స్లైసులు అని బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాస్తారు గానీ, ఈ సూది పెట్టే చెయ్యి ఎలాంటిదో ఏ బోర్డు మీదా ఉండదు. నేను ఈ సెంటర్‌కు ఎక్కువ మార్కులు వేసేది ఇక్కడే.

కాలి సంగతి కూడా అప్పుడే తేలింది. చీటీలో ఛాతీ ఒక్కటే ఉంది. మామూలుగా కాలి సిరల్లో గడ్డ చూడాలంటే డాప్లర్ చాలు, రేడియేషన్ లేదు, సూది లేదు, ఖర్చు తక్కువ. కానీ నాయనకు తొడ దాకా పిండికట్టు, దాని మీద నుంచి డాప్లర్ పనిచేయదు, కట్టు కోసేస్తే ఎముక కదులుతుందేమో అని భయం. అందుకని రేడియాలజిస్టు ఫిజీషియన్‌కు ఫోన్ చేసి, ఎలాగూ మందు ఎక్కిస్తున్నాం, మూడు నిమిషాలు ఆగితే అదే మందు కాళ్ల సిరల్లోకి చేరుతుంది, ఇంకో సూది లేకుండా తొడల నుంచి పిక్కల దాకా తీసేస్తాను అని అడిగారు. పొత్తికడుపు వదిలేస్తాను, రేడియేషన్ తగ్గుతుంది అన్నారు. చిన్న వయసువాళ్లకైతే, గర్భిణులకైతే ఇలా చేయననీ, కట్టు లేకపోతే మీ నాయనకూ డాప్లరే చేసేవాణ్ననీ చెప్పారు. దీనికి విడిగా డబ్బు తీసుకోలేదు. ఇంటికొచ్చాక నేను దీని గురించి చదివాను. 2006లో అమెరికాలో పయోపెడ్ 2 అన్న పెద్ద అధ్యయనం వచ్చింది, గడ్డ ఉన్నవాళ్లలో ఛాతీ సీటీ ఒక్కటే నూటికి 83 మందిని పట్టుకుంటే, కాళ్లు కూడా కలిపి తీసినప్పుడు 90 మందిని పట్టుకుంది. అప్పటి మెషిన్ల కంటే ఇప్పటివి చాలా మెరుగు, పైగా డాప్లర్ ఎలాగూ ఉంది, అందుకే అందరికీ కాళ్లు కలిపి తీయాల్సిన పనిలేదు. ఎవరైనా కౌంటర్లో కాళ్లు కూడా ప్యాకేజీ అంటే, డాప్లర్ సరిపోదా డాక్టర్ గారూ అని ఒక్కమాట అడగండి.

స్కాన్ మొదలుపెట్టే ముందు ఆ అమ్మాయి నాయన చెవి దగ్గర వంగి చెప్పిన మాటలు నాకు బాగా గుర్తున్నాయి. "పెద్దాయనా, మందు పోయేటప్పుడు ఒళ్లంతా వేడెక్కుతుంది, నోట్లో ఇనుము నాకినట్టుంటుంది, కింద బట్ట తడిసిపోయినట్టు అనిపిస్తుంది. తడవదు, ఉత్త వేడి అంతే. సిగ్గుపడి కదలొద్దు. ఊపిరి ఆపమన్నప్పుడు గట్టిగా లాగొద్దు, మామూలుగా తీసుకుని ఐదు సెకన్లు ఆపితే చాలు." రెండుసార్లు ప్రాక్టీస్ చేయించింది. గట్టిగా ఊపిరి లాగితే మందు కలవని రక్తం ఒక్కసారిగా వచ్చి కలిసి బొమ్మ చెడిపోతుందట. నొప్పితో ఊపిరి తీసుకోలేని మనిషికి ఐదు సెకన్లు చాలన్న మాట ఎంత ధైర్యం ఇస్తుందో ఆలోచించండి.

నన్ను అద్దం వెనక నిలబడనిచ్చారు. తెర మీద ఛాతీకి అడ్డంగా కోసినట్టు ఒక బొమ్మ, పెద్ద నాళం మీద చిన్న గుండ్రటి గీత. మందు మొదలయ్యాక ఆ గుండ్రంలో తెలుపు పెరిగే కొద్దీ పక్కన ఒక గీత పైకి పాకుతూ వచ్చింది. అది హద్దు దాటగానే బల్ల కదిలింది, నాలుగైదు సెకన్లలో ఛాతీ అయిపోయింది. ఆ తర్వాత మూడు నిమిషాలు గదిలో ఎవరూ మాట్లాడలేదు. గోడ గడియారం చూస్తూ నిలబడ్డాను, తర్వాత కాళ్లు తీశారు.

గడ్డను నేను కళ్లారా చూశాను. తెల్లటి చెట్టు కొమ్మల్లాంటి నాళాలు, కుడి పక్క కిందికి దిగే కొమ్మలో తెలుపు మధ్యలో చిటికెన వేలంత బూడిద రంగు పుల్ల ఇరుక్కున్నట్టు. ఎడమ మోకాలి వెనక సిరలో కూడా అలాగే, చుట్టూ సన్నటి తెల్ల అంచు, మధ్యలో బూడిద. రాత్రి గ్యాస్ అని పంపించింది దీన్నే. గుండె కుడి పక్క గది ఉబ్బలేదు, అది మంచి సంకేతం అని రేడియాలజిస్టు చూపించారు. రిపోర్టు టైపు చేయకముందే ఫిజీషియన్‌కు ఫోన్ చేసి చెప్పారు, మేము స్ట్రెచర్ మీద తిరిగి వెళ్లేసరికి అక్కడ బెడ్డు సిద్ధంగా ఉంది. దానికి ముందు అరగంట సూది తీయకుండా అక్కడే ఉంచి, దద్దుర్లు వస్తున్నాయా అని చూశారు. లోపల ఏదో కాలింది గానీ ఆ పిల్ల చెప్పినట్టే అయింది అన్నాడు నాయన.

మిగతావి త్వరగా చెప్తా. పార్కింగ్ లేదు, పొగతోట సందుల్లో కారు ఆపడం ఎలా ఉంటుందో మీకు తెలుసు, మనిషిని దింపి కారు దూరంగా పెట్టి రావాలి. ఏసీ బాగుంది, దుప్పటి అడిగితే ఇస్తారు. బాత్రూమ్‌కు నాలుగు మెట్లు ఎక్కాలి, కట్టు ఉన్నవాళ్లు ఎలా ఎక్కుతారో యజమాని ఒకసారి చూడాలి. ఫిల్ములతో పాటు సీడీ అడిగి తీసుకోండి, అడగకపోతే ఇవ్వరు, రేపు ఇంకో డాక్టరు చూడాలంటే ఫిల్ము సరిపోదు. పాత రిపోర్టులు, వాడే మాత్రల స్ట్రిప్పులు వెంట తీసుకెళ్లండి.

ఐదుకి నాలుగు ఇస్తాను. ఆ ఒకటి కోత కౌంటర్‌కే. వారం తర్వాత బిల్లు సరిచేయించుకోవడానికి వెళ్లినప్పుడు ఈ విషయం మేనేజర్‌కు చెప్పాను, చీటీ మీద ఎమర్జెన్సీ అని ఉంటే నేరుగా లోపలికి పంపమని చెప్తామన్నారు. చూడాలి.

నాయన ఆరు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఇప్పుడు రక్తం గడ్డకట్టకుండా మాత్రలు, మొదటి మూడు వారాలు రోజుకు రెండు, ఇప్పుడు రోజుకు ఒకటి, తక్కువలో తక్కువ మూడు నెలలు మానొద్దన్నారు. కట్టు తీసేశారు, ఊతకర్రతో గుంట గట్టు దాకా వెళ్లి కూర్చుంటున్నాడు. మూడు నెలలు నిండాక కాలికి డాప్లర్ తీయాలి. దానికి మళ్లీ అక్కడికే తీసుకెళ్తాను, ఆ అమ్మాయి డ్యూటీలో ఉండే టైం కనుక్కుని.